సిజేరియన్ కాన్పు – చిల్లా నలభై రోజుల బాధ్యత

(దిండి గ్రామంలో కాబోయే తల్లులతో, వారి కుటుంబ సభ్యులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకుముందు ఈ ఊరిలో మేము మాట్లాడినప్పుడల్లా విద్యార్థుల ఉపకార వేతనాల గురించో, ఖబరస్తాన్ స్థలం గురించో, వితంతు పింఛన్ల గురించో మాట్లాడినాము. ఈసారి కాన్పు గురించి, అందులోనూ సిజేరియన్ కాన్పు గురించి మాట్లాడబోతున్నామని తెలిసి, ఒక పురుషుడు ఈ విషయం సభలో ఎత్తవచ్చునా అని కొందరు పెద్దలు సంశయించారు. వారి సంశయం మాకు అర్థమైనది. అయితే పురుషులు ఈ విషయం తెలుసుకోకపోవడం వల్ల జరిగే నష్టాన్ని మేము మా ఇంటిలోనే రెండుసార్లు చూచినాము. అందుకే నిలుచున్నాము.

మేము వైద్యులము కాము. తాలూకా కార్యాలయాలున్న రోజులలో గుమాస్తాగా చేరి, మండలాలు వచ్చిన తరువాత కూడా అదే కుర్చీలో కొనసాగి పదవీ విరమణ చేసినవాళ్లము. గ్రామాల నుండి వచ్చే జనన మరణ వివరాలను చూడడం మా పనిలో ఒక భాగం. జననాల కాగితంలో తల్లి పేరుగా వ్రాసిన పేరే, అదే నెల మరణాల కాగితంలో మరల కనిపించిన సందర్భాలు ఉన్నవి. గుమాస్తాకు అది రెండు కాగితాలలో రెండు వరుసలు. ఒక ఇంటికి అది ఏమిటో మాకు ముందే తెలుసు.

మా ఆపా, అనగా మా పెద్దక్క, మొదటి కాన్పులోనే పోయినది. అప్పటికి మాకు పన్నెండేళ్లు. చించినాడ వంతెన లేదు. రెండు రాత్రులు నొప్పులు పడినది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పేసరికి తెల్లవారింది. ఆమెను మంచం మీదనే పడవలోకి ఎక్కించారు. వశిష్ఠ గోదావరి దాటి, ఆవలి ఒడ్డున బండి కట్టి పాలకొల్లు చేర్చాలని మా అబ్బాజాన్ ఆలోచన. పడవ చించినాడ రేవుకు తగలకముందే అంతా అయిపోయినది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆ రోజు ఆమెకు కావలసినది ఒక గంటసేపు జరిగే ఆపరేషన్. అది దొరకలేదు.

కనుక సిజేరియన్ అంటే మాకు భయం లేదు, ద్వేషం లేదు. అవసరమైనచోట అది అల్లాహ్ కారుణ్యం వల్ల మానవునికి లభించిన విద్య. అయితే ఆ గంట తరువాత వచ్చే నలభై రోజులు ఆ తల్లికి ఎవరు ఇస్తారన్నదే ఈనాటి మా ప్రశ్న.

పేరు, చరిత్ర

రోమ్ పాలకుడు జూలియస్ సీజర్ ఇలాగే జన్మించినందువల్ల ఈ పేరు వచ్చిందని చెబుతారు. చరిత్రకారులు దీనిని అంగీకరించరు. ఎందుకంటే ఆయన తల్లి ఆయన పెద్దవాడయ్యేవరకు జీవించియున్నది. ఆ కాలంలో కడుపు కోసిన తరువాత తల్లి బ్రతకడం దాదాపు అసంభవం. ఈ కథ మన విద్వాంసులకు కూడా తెలుసు. అల్ బీరూనీ గ్రంథానికి 1307లో వ్రాసిన ఒక ప్రతిలో సీజర్ జనన దృశ్యం చిత్రించబడియున్నది. ఆ ప్రతి నేడు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నది. తల్లి మరణించి, గర్భంలోని బిడ్డ సజీవంగా ఉన్నట్లయితే కడుపు కోసి బిడ్డను తీయవలెనని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు వ్రాసియున్నారు. అంటే బిడ్డ కోసం కోత అన్నది మనకు పరాయి ఆలోచన కాదు. మత్తుమందు, క్రిమిరహితమైన శస్త్రచికిత్స, రక్తం ఎక్కించే పద్ధతి వచ్చిన తరువాత తల్లి, బిడ్డ ఇరువురూ బ్రతకడం సాధ్యమైనది.

మన రాష్ట్రంలో ఆ మార్పు లెక్కలలో కనిపిస్తున్నది. 2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు మరణించేవారు. 2018–20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు తగ్గినది. ఆసుపత్రి కాన్పులు, 108 వాహనం, రక్త నిధులు, అవసరమైనచోట సిజేరియన్ – అన్నీ కలిసి ఈ పని చేశాయి.

రెండవ వైపు కూడా చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. దేశం మొత్తం మీద ప్రభుత్వ ఆసుపత్రులలో 14.3 శాతం ఉంటే, ప్రైవేటు ఆసుపత్రులలో 47.4 శాతం. సిజేరియన్లు జనాభాలో పది శాతం దాటిన తరువాత, ఆ పెరుగుదల వల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్లు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించినది. అంటే మన దగ్గర జరిగే కోతలలో అవసరం లేనివి కూడా ఉన్నవన్నమాట. ముహూర్తం కోసమో, నొప్పుల భయంతోనో కుటుంబాలే అడుగుతున్న సందర్భాలూ ఉన్నవి. తప్పు ఒక్కరి మీద వేయలేము.

ఎప్పుడు అవసరం, ఏమి అడగాలి

బిడ్డ అడ్డంగా ఉండడం, మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉండడం, నొప్పులు వచ్చినా కాన్పు ముందుకు సాగకపోవడం, బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోవడం, తల్లికి రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడం – ఇవి ప్రధానమైన కారణాలు. ఇటువంటి సమయంలో వైద్యురాలు ‘వెంటనే చేయాలి’ అన్నప్పుడు బేరం పెట్టవద్దు. బంధువులందరూ రావాలని, కువైట్‌లో ఉన్న భర్త ఫోన్ ఎత్తాలని కాలయాపన చేయవద్దు.

తొందర లేని సందర్భంలో మాత్రం మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి. ఆపరేషన్ ఎందుకు అవసరమైనది? కొంతసేపు వేచియుంటే ఏమవుతుంది? మరొక మార్గం ఉన్నదా? ఈ మూడింటికీ సమాధానం పొందడం మీ హక్కు.

సంతకం విషయం కూడా ఇక్కడే చెబుతాము. స్పృహలో ఉన్న, వయస్సు వచ్చిన స్త్రీకి చేసే చికిత్సకు ఆమె సమ్మతియే ముఖ్యం. ఆమె తల్లి ఇచ్చిన సమ్మతి దానికి బదులు కాదని సుప్రీంకోర్టు 2008 జనవరిలో స్పష్టంగా తీర్పు చెప్పినది. కనుక భర్త ఊరిలో లేడన్న కారణంతో ప్రాణం మీదికి తెచ్చుకోనవసరం లేదు. అదే విధంగా, ఆపరేషన్ బల్ల మీదనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయడానికి గాని, కాపర్-టి అమర్చడానికి గాని ఆమె వేరుగా, తెలిసి సమ్మతించి ఉండాలి. కాగితం చదివించుకొని సంతకం చేయండి. చదువు రానివారికి చదివి చెప్పమని అడగండి.

ఆ రోజు ఏమి జరుగుతుంది

ముందుగా తెలిసిన ఆపరేషన్ అయితే దాదాపు ఆరు గంటల ముందు నుండి ఆహారం మానిపిస్తారు. నీళ్లు ఎప్పటివరకు త్రాగవచ్చునో వారే చెబుతారు. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్ చూస్తారు. రక్తం ఇవ్వగల ఇద్దరిని ముందే సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. గాజులు, ముక్కుపుడక, గోళ్ల రంగు తీసివేయమంటారు. బురఖా స్థానంలో ఆసుపత్రి గౌను ఇస్తారు. ఇది ప్రతి స్త్రీకీ ఒకే నియమం, అవమానం కాదు. మార్గంలో దుప్పటి కప్పమని అడగవచ్చు. పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ దగ్గర ఉండాలని కోరడం జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉన్నది. మతం, కులం కారణంగా వివక్ష చూపరాదన్నది కూడా అందులోనే ఉన్నది. స్త్రీ వైద్యురాలు దొరకని అత్యవసరంలో పురుష వైద్యుని చేత చికిత్స పొందడం ధర్మసమ్మతమేనని మన ఉలమాలు ఎప్పటి నుండో చెబుతున్నారు.

సాధారణంగా నడుము దగ్గర వెన్నులో ఇంజెక్షన్ ఇస్తారు. నడుము క్రింది భాగం మొద్దుబారుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది. ముఖం ముందు తెర కడతారు. నొప్పి తెలియదు గాని, లోపల లాగుతున్నట్లు, ఒత్తుతున్నట్లు తెలుస్తుంది. ఆ సంగతి ముందే చెప్పనందువల్ల చాలామంది అమ్మాయిలు మత్తు పనిచేయడం లేదని భయపడతారు. నిజంగా నొప్పి తెలిస్తే వెంటనే నోరు విప్పి చెప్పాలి. మూత్రం పోవడానికి సన్నని గొట్టం పెడతారు. పొత్తికడుపు దిగువన అడ్డంగా కోస్తారు. మొదటి పది నిమిషాలలోపే సాధారణంగా బిడ్డ బయటకు వస్తుంది. మిగిలిన సమయమంతా మాయను తీయడానికి, గర్భాశయాన్ని, పై పొరలను ఒక్కొక్కటిగా కుట్టడానికి పడుతుంది. మొత్తం మీద గంట లోపు, గంట పైన.

తరువాత ఒళ్లు వణకవచ్చు, దురద రావచ్చు, వాంతి రావచ్చు. ఇవి మందుల ప్రభావంతో వచ్చి తగ్గిపోయేవి. ‘వెన్నుకు సూది వేస్తే జీవితమంతా నడుము నొప్పే’ అన్న మాట మన ఇళ్లలో బాగా పాతుకొనిపోయినది. సూది గుచ్చినచోట కొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి బిడ్డను మోయడం, వంగి పాలివ్వడం, సరైన విశ్రాంతి లేకపోవడం వంటి కారణాలే ఎక్కువ.

పాలు, అజాన్, తేనె

బిడ్డ చెవిలో అజాన్ పలకడానికి తండ్రులు, తాతలు తొందరపడతారు. పలకండి, అది ఒక నిమిషం పని. తరువాత బిడ్డను తల్లి రొమ్ముకు చేర్చండి. తల్లి, బిడ్డ బాగున్నట్లయితే సిజేరియన్ తరువాత కూడా మొదటి గంటలోనే పాలు పట్టవచ్చు. ముర్రుపాలు పిండి పారబోయవద్దు. మత్తు మందు వల్ల పాలు చెడిపోతాయన్నది అపోహ. కడుపు మీద బరువు పడకుండా తల్లి ప్రక్కకు తిరిగి పడుకొని గాని, బిడ్డ కాళ్లు తన చంక వైపు ఉండేటట్లు పట్టుకొని గాని పాలివ్వవచ్చు. నర్సమ్మను చూపించమని అడగండి.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదని వైద్యులు గట్టిగా చెబుతారు. అందులో ఉండగల సూక్ష్మజీవి పసిపేగులలో విషాన్ని పుట్టించి కండరాలను పడవేయగలదు. ఖర్జూరంతో తహ్నీక్ చేయించదలచినవారు బిడ్డల వైద్యునితో మాట్లాడి, పరిశుభ్రంగా చేయించండి. సున్నత్ పట్ల ప్రేమ ఉన్నవారే బిడ్డ పట్ల జాగ్రత్తగా ఉండాలి.

మొదటి వారం

మొదటి రోజునే, సహాయంతో మంచం దిగి నాలుగు అడుగులు వేయమంటారు. ‘కడుపు కోసినదాన్ని నడిపిస్తారా’ అని అమ్మమ్మలు కోపగించవద్దు. కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నది. నడవడం వేరు, పని చేయడం వేరు. ఈ తేడా మన ఇళ్లలో తెలియదు. మొదటి రోజు నడవనివ్వరు, పదవ రోజు బిందె మోయిస్తారు. సరిగా దీనికి తలక్రిందులుగా చేయాలి.

మూత్రపు గొట్టం సాధారణంగా ఒక రోజులోపు తీస్తారు. గ్యాసు వల్ల కడుపు ఉబ్బి, నొప్పి భుజం దాకా పోవచ్చు. దగ్గినప్పుడు, నవ్వినప్పుడు, లేచినప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకుంటే హాయిగా ఉంటుంది. లేచేటప్పుడు నేరుగా లేవకుండా ప్రక్కకు తిరిగి, చేతుల మీద బరువు వేసి లేవాలి. డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్రలు వేళకు వేసుకోవాలి. ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పి తగ్గితేనే తల్లి కదలగలదు, పాలివ్వగలదు.

యోని నుండి రక్తస్రావం సిజేరియన్ తరువాత కూడా ఉంటుంది. అది క్రమంగా తగ్గుతూ ఆరు వారాల వరకు సాగవచ్చు. ఇది నిఫాస్‌యే. ఆ కాలంలో నమాజు లేదు, ఉపవాసం తరువాత తీర్చుకోవాలి. హనఫీ ఫిఖ్ ప్రకారం దాని గరిష్ఠ పరిమితి నలభై రోజులు. ముందే ఆగిపోతే గుస్ల్ చేసి నమాజు మొదలుపెట్టాలి. కుట్లకు నీరు తగలడం హాని అని వైద్యురాలు చెబితే తయమ్ముమ్, వంగలేకపోతే కూర్చొని నమాజు – ఈ సడలింపులు ధర్మంలోనే ఉన్నవి. మీ మస్జిదు ఇమామ్ సాహెబును అడగడానికి సిగ్గుపడవద్దు.

మా తప్పు

ఇప్పుడు మా రెండవ అనుభవం చెప్పాలి. మా కుమార్తెకు సిజేరియన్ అయినది. అల్లాహ్ దయ వల్ల తల్లి, బిడ్డ క్షేమం. మా ఆపాను గోదావరి మధ్యలో పోగొట్టుకున్న మాకు ఆ రోజు ఆనందం పట్టలేదు. ఏడవ రోజున అఖీఖా పెట్టినాము. రెండు వందల మందిని పిలిచినాము. వచ్చినవాళ్లందరూ ‘అమ్మాయి ఎక్కడ, అమ్మాయి ఎక్కడ’ అన్నారు. ఉదయం నుండి సాయంత్రం దాకా ఆమె పట్టుచీరలో కూర్చున్నది, లేచినది, సలాములు చెప్పినది. మరునాడు మిగిలిన గిన్నెలు కూడా ఎత్తినదని తరువాత తెలిసింది. పదవ రోజుకు జ్వరం. పండ్రెండవ రోజుకు కుట్ల దగ్గర చీము. మరల ఆసుపత్రిలో చేర్చి, కుట్లు విప్పి, శుభ్రం చేసి, మరల కుట్టవలసి వచ్చినది. బిడ్డకు పాలు తగ్గిపోయినవి.

అప్పుడు ఆమె మమ్ములను చూచి ఒకే మాట అన్నది: “అబ్బాజాన్, అన్ని పొరలు కోసి కుట్టారు. మీరు ఏడు రోజులకే నిలబెట్టారు.”

అందులో ఆసుపత్రి తప్పు లేదు. ఆమె అత్తవారి తప్పు కూడా కాదు. ఆ విందు మా ముచ్చట. అఖీఖా జంతువును జిబహ్ చేసి, మాంసం పంచి, ఆమెను గదిలో పడుకోనిచ్చి ఉంటే సున్నత్ నెరవేరేది, ఆమె కూడా బాగుండేది.

మన పెద్దలు బాలింతకు చిల్లా అని నలభై రోజులు పెట్టారు. వైద్యశాస్త్రం కూడా కాన్పు తరువాతి కాలాన్ని ఆరు వారాలుగా, నలభై రెండు రోజులుగా లెక్కిస్తుంది. రెండు రోజుల తేడా తప్ప ఇద్దరూ ఒకటే చెబుతున్నారు. మనం మాత్రం చిల్లాలో స్నానాలను, విందులను, రాకపోకల నియమాలను అట్టే పెట్టుకొని, దాని లోపలి విశ్రాంతిని తీసివేసినాము.

నలభై రోజులు ఎవరు ఏమి చేయాలి

ఆరు వారాల వరకు బిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాసు బండ, బియ్యం బస్తా, తడి బట్టల బకెట్టు – ఇవి ఇంటిలోని మగవారి పని. భర్త గల్ఫ్‌లో ఉంటే మరిది, మామ, తండ్రి చేయాలి. పెద్ద బిడ్డ ఉన్నట్లయితే వాడిని చంకకు ఎత్తుకోకుండా, కూర్చున్నచోటికి తెచ్చి ఒడిలో పెట్టండి.

కుట్లు శుభ్రంగా, పొడిగా ఉండాలి. పసుపు, బూడిద, నూనె పూయవద్దు. నిప్పుల కుంపటితో గది నిండా పొగ వేయవద్దు. దగ్గు వస్తే కుట్లు లాగుతాయి, పసిబిడ్డకు ఊపిరి ఆడదు. పొట్టకు గుడ్డ బిగించి కట్టాలో వద్దో వైద్యురాలినే అడగండి.

పథ్యం పేరుతో నీళ్లు తగ్గించడం మన ప్రాంతంలో పెద్ద పొరపాటు. నీళ్లు త్రాగితే కుట్లు చీము పడతాయన్నది నిజం కాదు. పాలిచ్చే తల్లికి నీళ్లు మామూలు కంటే ఎక్కువ కావాలి. నీళ్లు తక్కువైతే మలబద్ధకం వచ్చి, ముక్కినప్పుడు కుట్ల నొప్పి పెరుగుతుంది. గుడ్డు, పప్పు, ఆకుకూర, పండు, గోదావరి చేప – అన్నీ తినవచ్చు. సొర పుట్టు బాలింతకు పెట్టే మన కోనసీమ అలవాటు మంచిదే. హరీరా, అచ్‌వానీ త్రాగించండి, కాని అవి భోజనానికి బదులు కాకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తరువాత ఆరు నెలలు వేసుకోవాలి. ఆశా కార్యకర్త తెచ్చి ఇచ్చిన మాత్రలు అల్మారాలో పడి ఉండడం మేము ఎన్నో ఇళ్లలో చూచినాము.

ఇక నోటితో చేసే గాయం గురించి. ‘మేము నలుగురిని నొప్పులు పడి కన్నాము, నీవు కోయించుకొని కన్నావు’ అనే మాట ఏ అత్తగారి నోటి నుండి గాని, ఆడబిడ్డ నోటి నుండి గాని రాకూడదు. ఆమె తల్లితనంలో కొరత ఏమీ లేదు. కాన్పు తరువాత కొన్ని రోజులు ఊరకనే ఏడుపు రావడం సామాన్యం. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, బిడ్డను దగ్గరకు తీసుకోక, ‘నేను లేకపోతే బాగుండును’ అంటున్నట్లయితే అది జబ్బు. దానికి మందు ఉన్నది. తాయెత్తు కట్టించి ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గుర్తులు

ఈ మాటలు వ్రాసుకొని గోడకు అంటించండి. గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తస్రావం లేక పెద్ద గడ్డలు. 100.4 డిగ్రీల జ్వరం. కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, దుర్వాసన. ఒక పిక్కలో మాత్రమే నొప్పి, వాపు. ఆయాసం, ఛాతీ నొప్పి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్. మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ కాన్పు అయిన తరువాత కూడా రావచ్చునని మరువవద్దు.

డబ్బు, హక్కులు

జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 జూన్‌లో మొదలైనది. దాని ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్‌తో సహా కాన్పు పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, అవసరమైన రక్తం ఉచితం. సిజేరియన్ అయిన తల్లికి ఏడు రోజుల వరకు భోజనం ఉచితం. ఇంటి నుండి ఆసుపత్రికి, అక్కడి నుండి పెద్దాసుపత్రికి, తిరిగి ఇంటికి ప్రయాణం ఉచితం. ఇంటికి చేర్చేందుకు తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ వాహనం ఉన్నది. ఎవరైనా బిడ్డను చూపినందుకో, స్ట్రెచర్ త్రోసినందుకో డబ్బు అడిగితే అది మీరు ఇవ్వవలసినది కాదు. సూపరింటెండెంటుకు వ్రాతపూర్వకంగా ఇవ్వండి. అర్జీ వ్రాయడం రాకపోతే మా దగ్గరకు రండి, ఆ పని మేము జీవితమంతా చేసినాము. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లేవారు ఎన్టీఆర్ వైద్య సేవ మీ విషయంలో వర్తిస్తుందో లేదో చేరకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. ఆసుపత్రి రికార్డుల నకలు అడిగితే 72 గంటలలో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతున్నది. ఆ కాగితాలు తరువాతి కాన్పుకు ప్రాణాధారం. ఏ కారణంతో కోశారు, గర్భాశయం మీద కోత ఏ విధంగా ఉన్నది అన్న సంగతి అందులో ఉంటుంది.

‘ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే’ అన్నది అందరికీ వర్తించదు. తగిన వసతులున్న ఆసుపత్రిలో, వైద్యురాలు పరీక్షించి సరేనంటే కొందరికి మామూలు కాన్పు సాధ్యమే. అయితే ఇంటి దగ్గర ఎన్నటికీ ప్రయత్నించవద్దు. కాన్పుకు, మరల గర్భం ధరించడానికి నడుమ కనీసం రెండేళ్లు ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రెండు సంవత్సరాలు పాలివ్వాలన్న మన ధర్మ బోధనకు ఇది దగ్గరగానే ఉన్నది. ఎడం ఎలా పాటించాలన్నది భార్యాభర్తలు వైద్యురాలితో కలిసి నిర్ణయించుకోవాలి. సిజేరియన్లు పెరిగేకొలదీ మాయ పాత కోతకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుందన్నది మరువరాదు.

సోదరులారా, 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేసిన రోజులు మీకు గుర్తున్నవి. లంక గ్రామాల చుట్టూ నీరు నిలిచినది. నెలలు నిండిన స్త్రీ ఉన్న ఇల్లు జూలై, ఆగస్టు నెలలలో తేదీ దగ్గరపడక ముందే రాజోలులోనో, అమలాపురంలోనో బంధువుల ఇంటికి చేరడం మంచిది. వంతెన ఉన్నదని ధీమా పడవద్దు. వంతెన దాకా చేరాలి గదా.

ఈ మస్జిదు మొహల్లాలో ఒక చిన్న ఏర్పాటు చేద్దామని మా కోరిక. ఏ ఇంటిలో సిజేరియన్ అయినా నలభై రోజులు వంతుల ప్రకారం ఒక పూట భోజనం ఇరుగుపొరుగు పంపాలి. రక్తం ఇవ్వగల యువకుల పేర్లు, గ్రూపులు ఒక పుస్తకంలో వ్రాసి ఇమామ్ సాహెబు దగ్గర ఉంచాలి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు, చందా కూడా అవసరం లేదు. పుస్తకం మేము తెచ్చినాము. మొదటి వరుసలో మా అబ్బాయి పేరు వ్రాసినాము. సభ ముగిసిన తరువాత మిగిలిన వరుసలు మీరు పూర్తి చేయండి.

మా కుమార్తె కోలుకున్నది. రెండవ కాన్పుకు వచ్చినప్పుడు, విందు చిల్లా తరువాతనేనని ముందే కాగితం మీద వ్రాసి మా చేత సంతకం చేయించుకున్నది. గుమాస్తా కూతురు గదా.

అల్లాహ్ మన తల్లులను, బిడ్డలను క్షేమంగా ఉంచుగాక. వారి బాధను గ్రహించే హృదయాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.